అడుగున చేప కనబడటానికి నాకు మూడు శనివారాలు పట్టింది

నిన్న అమెరికాలోని మిషిగన్ సరస్సులో, ట్రావర్స్ సిటీ దగ్గర గ్రాండ్ ట్రావర్స్ బేలో, 125 అడుగుల లోతు నుంచి రెండు లేక్ ట్రౌట్ చేపలు పట్టాను. చేతులు ఇంకా నీచువాసన వస్తున్నాయి, కడుక్కోవాలని లేదు.

లైసెన్స్ ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని. పడవ అద్దెకి దొరికింది.

నా పరువు తీసింది ఫిష్ ఫైండర్, అంటే నీళ్లలోకి శబ్దం పంపి, తిరిగొచ్చిన సిగ్నల్‌ని తెర మీద చూపే సోనార్ యంత్రం. మా ఊరి చెరువులో గాలం వేసి, బెండు మునిగితే లాగినవాణ్ణి, సోనార్ సంగతి నాకేం తెలుసు? సిగ్నల్‌ని చేప బొమ్మలుగా మార్చి చూపే ఫిష్ ఐడీ ఆన్ చేసుకుంటే చాలు, చేపలు వాటంతటవే కనబడతాయని చెప్పి షాపు కుర్రాడు అంటగట్టాడు. కనబడ్డాయి కూడా! 40 అడుగుల దగ్గర తెర నిండా చేప బొమ్మలు. మూడు శనివారాలు వాటి మధ్యే గాలం ఆడించాను, ఒక్కటీ ముట్టలేదు. మూడోవారం గొప్పకి పోయి మా బావమరిదినీ వాడి ఫ్రెండ్స్‌నీ వెంటేసుకెళ్లాను, మా ఆవిడ చేత పులుసుకి చింతపండు కూడా నానబెట్టించి. ఆ చింతపండుతో రాత్రి చారు పెట్టుకున్నాం. "బావా, వీడియో గేమ్ బాగుంది" అన్నాడు వాడు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో వారమంతా అదే మాట.

ఆ రోజే రేవులో ఒక ముసలాయన నా తెర చూసి, ముందు ఆ బొమ్మలు ఆపెయ్ అన్నాడు. నీళ్లలో దేనికి తగిలి సిగ్నల్ వెనక్కొచ్చినా యంత్రం చేప బొమ్మ వేసేస్తుందట. నడినీళ్లలో నేను చూసినవి ఏల్‌వైఫ్ అనే చిన్న చేపల గుంపులు. ఎండాకాలం పైనీళ్లు వేడెక్కాక లేక్ ట్రౌట్ 10 డిగ్రీల సెల్సియస్ అటూఇటూ ఉండే చల్లనీళ్లు వెతుక్కుంటూ కిందికి దిగి, నేలని అంటిపెట్టుకుని గోబీలనే చిన్న చేపల్ని తింటూ ఉంటుంది. నేల గీత మీద బొడిపెల్లా కనబడితే రాళ్లేలే అని దాటేశానే, అవే చేపలు!

అసలు చిక్కు ఇంకోటుంది. సోనార్ కిందికి గరాటాలా విచ్చుకుంటుంది. 20 డిగ్రీల కోణమైతే 100 అడుగుల లోతులో దాదాపు 35 అడుగుల వెడల్పు చూస్తుంది. ఆ వెడల్పులో నేల ఏటవాలుగా ఉందనుకోండి, మిట్ట వైపు నుంచి సిగ్నల్ ముందే తిరిగొచ్చేస్తుంది, పల్లం వైపు నేలకి అతుక్కున్న చేప ఆ నేల గీతలోనే కలిసిపోతుంది. అందుకని ఇరుకు కోణం పెట్టి, నేలకి పైన 20 అడుగులు మాత్రమే జూమ్ చేస్తే నేలకీ చేపకీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ కనబడుతుంది. ఇంకోమాట, తెర మీద చేప అంటే విల్లులా వంగిన గీతే అవ్వాలని లేదు. పడవా చేపా రెండూ కదలకపోతే అది పొడుగు గీతే. ఇది షాపువాడికి తెలీదు, తెలిసినా చెప్పడు, ఇంకా ఖరీదైన యంత్రం చూపిస్తాడు. కొనకండి.

తర్వాతంతా తేలికే. అల్లిక దారం వాడాలి, మామూలు నైలాన్ దారం అంత లోతులో సాగిపోయి చేప కొట్టినా చేతికి తెలీదు. 3 ఔన్సుల జిగ్ (బరువున్న ఎర గాలం) వదిలి, దారం వదులైందంటే నేల తగిలినట్టు. రెండుసార్లు నేలకి కొట్టి జోరుగా పైకి చుట్టాలి. తెర మీద ఒక గీత నేల వదిలి జిగ్ వెంట లేచింది చూడండి, నా గుండె ఆగినంత పనైంది.

మొదట పడింది బర్బట్, వాలుగకి చుట్టంలా ఉంది కానీ గడ్డం కింద ఒకటే మీసం. వదిలేశాను. రెండోసారి చేపకంటే ముందు నీళ్లలో బుడగలు తేలాయి. లేక్ ట్రౌట్ పైకొస్తూ పొట్టలో గాలి వదిలేస్తుంది. ముదురు ఒంటి మీద లేత మచ్చలు, బాగా చీలిన తోక. ఫోటో బావమరిదికి పంపాను, బ్లూ టిక్కులు పడ్డాయి, రిప్లై లేదు.

ఇక్కడ పెద్ద చేపల కొవ్వులో పీసీబీలనే విష రసాయనాలు పేరుకుంటాయి కాబట్టి తోలూ పొట్టకొవ్వూ తీసేసి వండుకోవాలి. తోలు తీశామని ఫోన్లో చెబితే మా అత్తగారు పావుగంట తిట్టారు. పులుసు మాత్రం గిన్నె ఖాళీ.