ఉమ్మడి ప్రమాణాలు, ఉద్దానం గాలి

భవనాలకు, వంతెనలకు యూరప్ దేశాలన్నింటికీ చెల్లే ఒకే డిజైన్ ప్రమాణాలు ఉండాలన్న పని 1975లో మొదలైంది. ఒక దేశపు ఇంజినీరు గీసిన లెక్క పక్క దేశపు అధికారికి అర్థం కాకపోవడం వ్యాపారానికి అడ్డంకి అవుతోందన్నది అప్పట్లో చెప్పిన కారణం. 1989లో ఆ బాధ్యత యూరప్ ప్రమాణాల సంస్థకు చేరింది. యూరోకోడ్‌ల పేరుతో మొత్తం పది కోడ్‌లు, 58 భాగాలు తయారై, వాటితో విభేదించే జాతీయ ప్రమాణాలను 2010 మార్చి నాటికి ఉపసంహరించుకోవాలన్న గడువుతో ఆ దశ ముగిసింది. అంటే ముప్పై అయిదేళ్లు. ఉద్యోగం చేసిన రోజుల్లో విశాఖపట్నంలో కూర్చుని బ్రిటన్ భవనాలకు ఈ కోడ్‌ల ప్రకారం డ్రాయింగులు చేసినవాణ్ణి, ఇప్పుడు శ్రీకాకుళంలో ఇళ్లకూ షెడ్లకూ ప్లాన్లు వేస్తున్నవాణ్ణి కాబట్టి, అక్కడ జరిగిన దానిలో మన జిల్లాకు పనికొచ్చేది ఏమిటన్న ప్రశ్న నన్ను వదలడం లేదు.

యూరోకోడ్‌ల గురించి మాట్లాడేటప్పుడు అందరూ ‘ఒకే కోడ్’ అనే చెబుతారు గానీ, నా దృష్టిలో అసలు తెలివి అంతా ఆ కోడ్‌లో వదిలిపెట్టిన ఖాళీల్లో ఉంది. సూత్రాలు, పద్ధతులు అందరికీ ఒక్కటే. అయితే కొన్ని విలువలను ఏ దేశానికి ఆ దేశమే నిర్ణయించుకోవచ్చు. ఆ విలువలన్నీ ‘జాతీయ అనుబంధం’ అనే పలుచని పుస్తకంలో ఉంటాయి. మంచు బరువు ఎంత, గాలి వేగం ఎంత అన్నవి సరే, అవి భూగోళం తేల్చే విషయాలు. భద్రత పాళ్లు కూడా అలాగే వదిలారు. కాంక్రీటు బలాన్ని లెక్కలోకి తీసుకునేటప్పుడు దీర్ఘకాలం మోసే బరువు కోసం వేసే గుణకానికి కోడ్ సూచించిన విలువ 1.0 కాగా, బ్రిటన్ తన అనుబంధంలో వంపుకూ నిలువు బరువుకూ 0.85 తీసుకుంది. అంటే సూత్రం మారకుండానే, అదే కాంక్రీటుకు లెక్కలో పదిహేను శాతం తక్కువ బలం చూపాలని ఒక దేశం తన అనుభవాన్ని బట్టి తేల్చుకుంది. భద్రత ఎంత ఉండాలన్నది చివరికి ఆ దేశ ప్రభుత్వం బాధ్యతే కాబట్టి ఆ అధికారాన్ని ఎవరూ ఉమ్మడి ఖాతాలో వేయలేదు.

ప్రమాణం రాయడం ఒక పని, దాన్ని నిబంధనల్లోకి తేవడం మరొక పని. ఈ రెండింటి మధ్య ఎంత ఎడం ఉండగలదో బ్రిటన్‌ను చూస్తేనే తెలుస్తుంది. పాత బ్రిటిష్ ప్రమాణాలను 2010 మార్చి 31న ఉపసంహరించారు గానీ, ఇంగ్లండ్ భవన నిబంధనలకు తోడుగా ఉండే మార్గదర్శక పత్రంలో యూరోకోడ్‌ల ప్రస్తావన 2013 సవరణతో గానీ కుదురుకోలేదు. మధ్యలో ఉన్న ఆ కాలంలో ఇంజినీర్లు ఉపసంహరించిన పుస్తకాన్నే ముందు పెట్టుకుని పని చేసుకున్నారు, అనుమతులూ వచ్చాయి. సింగపూర్ ఇంకొంచెం పద్ధతిగా నడిచింది. యూరప్‌కు ఏమాత్రం సంబంధం లేని ఆ దేశం 2013 ఏప్రిల్ 1న యూరోకోడ్‌లను స్వీకరించి, రెండేళ్లపాటు పాతవీ కొత్తవీ రెండూ చెల్లుతాయని చెప్పి, 2015 ఏప్రిల్ 1 నుంచి కొత్తవి మాత్రమేనని తేల్చింది. మంచు పడని దేశం కాబట్టి మంచు సంగతి పక్కన పెట్టి, తన అనుబంధాలు తాను రాసుకుంది. తేదీ ముందే తెలిసినప్పుడు కాలేజీ పాఠాల దగ్గర నుంచి సాఫ్ట్‌వేర్ దాకా అన్నీ ఆ తేదీకి సర్దుకుంటాయి.

మన దేశంలో ప్రమాణాలు రాసేది భారతీయ ప్రమాణాల సంస్థ. కాంక్రీటుకు ఐఎస్ 456, గాలికి ఐఎస్ 875 మూడో భాగం, భూకంపానికి ఐఎస్ 1893. వీటన్నింటినీ ఒకచోట చేర్చే జాతీయ భవన నిర్మాణ కోడ్ 1970లో మొదటిసారి వచ్చి, 1983, 2005, 2016లలో మారింది. అయితే అది సిఫార్సు మాత్రమే. స్థానిక సంస్థలు రాష్ట్రాల పరిధిలోవి కాబట్టి, రాష్ట్రం తన నియమాల్లో దాన్ని ప్రస్తావించినప్పుడే దానికి చట్టబలం వస్తుంది. మన రాష్ట్రంలో 2017 భవన నియమాలు ఆ పని చేశాయి. కానీ నియమాల్లో ‘జాతీయ కోడ్ ప్రకారం’ అన్న మాట ఉన్నంత మాత్రాన, ఆ కోడ్‌లో మన మండలానికి వర్తించే అంకె ఏదో ప్లాన్ చూసే గుమస్తాకు గానీ ఇల్లు కట్టే మేస్త్రీకి గానీ తెలియదు.

ఆ అంకె ఏమిటో చెబుతాను. మన తీరానికి ఐఎస్ 875 ఇచ్చిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఇది మూడు సెకన్ల ఈదురు విసురుకు కట్టిన లెక్క. యూరోకోడ్ పది నిమిషాల సగటు మీద నడుస్తుంది కాబట్టి ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. 2015 సవరణలో తూర్పు తీరం వెంబడి 60 కిలోమీటర్ల పట్టీకి, మూల గాలి వేగాన్ని హెచ్చించే తుఫాను గుణకాన్ని చేర్చారు. మామూలు ఇళ్లకు 1.0, పరిశ్రమలకు 1.15, తుఫాను తర్వాత అక్కరకు వచ్చే ఆసుపత్రులకు, బడులకు, తుఫాను షెల్టర్లకు 1.30. సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు, ఇటు పూసపాటిరేగ, భోగాపురం మాత్రమే కాదు, విజయనగరం పట్నం కూడా ఆ పట్టీలోదే. 1.30 అంటే మూడో వంతు కూడా పెరగలేదు కదా అనుకోకూడదు. ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 50 మీటర్ల దగ్గర చదరపు మీటరుకు 1500 న్యూటన్లు ఉండే ఒత్తిడి, 65 మీటర్ల దగ్గర 2535 అవుతుంది. 1500 న్యూటన్లు అంటే సుమారు 150 కిలోల బరువు. ఇనప రేకు సొంత బరువు చదరపు మీటరుకు నాలుగైదు కిలోలకు మించదు. కాబట్టి గాలి పైకి పీల్చేటప్పుడు రేకును పట్టి ఉంచేది దాని బరువు కాదు, రేకును కింది దూలానికి బిగించే జె ఆకారపు బోల్టే.

జీడిపప్పు పరిశ్రమలున్న పలాస వైపు షెడ్లు వేసేటప్పుడు మేస్త్రీలు ఆ బోల్టులను ఈ చివర నుంచి ఆ చివరకు సమాన దూరంలో బిగిస్తారు. చూడ్డానికి తీరుగా ఉంటుంది. అయితే గాలి కప్పును అంతటా ఒకేలా లాగదు; చూరు అంచున, మూలల్లో, కొప్పు దగ్గర పీల్చే బలం మధ్య భాగం కంటే చాలా ఎక్కువ, వాలు బాగా తక్కువగా ఉన్న కప్పుల్లో అది రెట్టింపు కూడా దాటుతుంది. కోడ్‌లోని పట్టికల్లో ఈ అంచు పట్టీలకు వేరే విలువలే ఉన్నాయి. అంచున బోల్టుల మధ్య దూరం తగ్గించి, కింద వెడల్పు వాషర్ వేస్తే ఖర్చు పెరిగేది కొద్దిగానే. ఒకసారి ఈ మాట చెబితే, “ఇన్నాళ్లూ ఇలాగే ఏసినాం బావూ, ఏటౌతాది?” అన్నాడు ఒక పెద్ద మేస్త్రీ. ఆయన్ని తప్పు పట్టలేను. ఆయన చేతిలోని డ్రాయింగులో కూడా బోల్టుల దూరం రాసి లేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వాతావరణ శాఖ అంచనా గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, విసురుల్లో 165. ఆ రెండూ మన కోడ్ ఊహించిన 180 లోపే. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పోవడానికి కోడ్‌తో పని లేదు గానీ, ఎగిరిపోయిన కప్పుల సంగతి వేరు. ప్రమాణం తక్కువై అవి పోయాయనడానికి ఆధారం లేదు. ఆ ప్రమాణం అక్కడిదాకా రాలేదనే నేను అనుకుంటాను.

అందుకే జాతీయ కోడ్‌ను యథాతథంగా ఉంచి, దానికి రాష్ట్రం తరఫున ఒక పలుచని అనుబంధం కావాలని నా అభిప్రాయం. అందులో సూత్రాలు అక్కర్లేదు. మండలాల వారీగా గాలి వేగం, ఏ భవనానికి ఏ గుణకం, రేకుల కప్పుకు అంచున ఎంత దూరంలో బోల్టు వేయాలి, ఇవన్నీ తెలుగులో ఉంటే చాలు. ఒక్కో రాష్ట్రం ఒక్కో అనుబంధం రాసుకుంటే ఉమ్మడితనం పోతుందని కొందరు మిత్రులు అంటారు. పద్ధతి మార్చే అధికారం ఇస్తే పోతుంది, నిజమే. జాతీయ కోడ్‌లో ఉన్న విలువను తగ్గించకూడదని, అవసరమైతే పెంచుకోవచ్చని మాత్రమే చెబితే ఆ భయం ఉండదు. భూకంపం విషయంలో 2016 కోడ్ మన జిల్లాలను రెండో జోన్‌లో, అంటే అన్నింటికంటే తక్కువ తీవ్రత ఉన్న జోన్‌లో పెట్టింది. పిల్లర్‌లో నిలువు కడ్డీల చుట్టూ కట్టే రింగు చివరి కొక్కేన్ని 135 డిగ్రీలు వంచాలన్న ఐఎస్ 13920 నియమం మూడో జోన్ నుంచే తప్పనిసరి. ఆ కొక్కెం వంచడానికి అయ్యే అదనపు ఇనుము వేలెడు కూడా ఉండదు కాబట్టి, అనుబంధంలో దాన్ని కూడా చేర్చమని నేనైతే అడుగుతాను.

దానికి తేదీ కూడా ఉండాలి. పట్టణాల్లో ప్లాన్లు ఇప్పటికే ఆన్‌లైన్‌లో వెళ్తున్నాయి. స్థలం ఏ మండలంలోదో నమోదు చేసిన వెంటనే గాలి వేగం, గుణకం తెర మీద కనిపించి, డ్రాయింగులోనూ అవే ఉన్నాయో లేదో అడిగేలా చేయడం పెద్ద పని కాదు. పంచాయతీల్లో కాగితం మీద వెళ్లే ప్లాన్లకు దరఖాస్తు ఫారంలో రెండు గళ్లు చేరిస్తే సరిపోతుంది. అది జరిగేదాకా నేను నా డ్రాయింగుల కుడివైపు కింది మూలలో, స్కేలు రాసే చోట, గాలి వేగం, తుఫాను గుణకం, అంచు బోల్టుల దూరం తెలుగులోనే రాసి ఇస్తున్నాను.