మూడువందల మందికి ఒక్క అయ్యవారు

మా అమ్మాయి కాపురముండే ఊరు హిచిన్. లండన్‌కు ఉత్తరాన, రైల్లో అరగంట చిల్లర. పొద్దున ఏడుకు స్టేషన్ దారిలో నిలబడితే ఊరు ఊరంతా లండన్‌లోని కింగ్స్ క్రాస్ స్టేషన్‌కు తరలిపోతున్నట్టే ఉంటుంది. చిత్తూరు బస్టాండులో వేలూరు బస్సుకు ఎగబడే జనం లాగానే, కాకపోతే ఈ జనం ఒకరితో ఒకరు మాట్లాడరు. మా అల్లుడూ ఆ గుంపులోనే పోతాడు. తొమ్మిది దాటినాక వీధుల్లో మిగిలేది నాలాంటి ముసలోళ్ళు, పసిబిడ్డల తల్లులు.

రైలొచ్చింది 1850లో. సంత అంతకు వందల ఏళ్ళ ముందు నుంచీ ఉంది. ఇప్పుడక్కడ రొట్టెలు, చీజు, పూలమొక్కలు, పాత సామాన్లు. వంకాయలు కాయ లెక్కన అమ్ముతారు. మా ఆవిడ ఆ ధర రూపాయల్లోకి మార్చి చూసుకుని, ముట్టుకోకుండా వచ్చేసింది.

ఒకప్పుడు ఆ సంతలో గోధుమ గడ్డితో అల్లిన జడలు అమ్మేవాళ్ళంట. ఆడవాళ్ళు, పిల్లలు గడ్డి చీలికల్ని నోట్లో తడుపుకుంటూ అల్లితే, పక్కనున్న లూటన్‌లో వాటిని టోపీలుగా కుట్టేవాళ్ళు. ఈ పనికని పిల్లల్ని బడి మాన్పించేవాళ్ళు కూడా. తర్వాత చైనా, జపాన్ నుంచి చవక జడలు దిగి ఆ పనే పోయింది. చెనక్కాయలు పెరికే కాలానికి నా క్లాసు సగం ఖాళీ అయ్యేది గనక ఈ కథ నాకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పలమనేరు వైపు పల్లెల్లో అయ్యవారుగా చేసి రిటైరైనోణ్ణి నేను.

అందుకే ఆ ఊళ్ళో నా కాళ్ళు ఆగిపోయింది బ్రిటిష్ స్కూల్స్ మ్యూజియంలో. 1810లో విలియం విల్షేర్ అనే లాయరు పేదపిల్లల కోసం పెట్టించిన బడి అది. 1837లో కట్టిన హాలు ఇప్పటికీ నిలిచుంది. వరసగా పొడుగు బెంచీలు, ఎదురుగా ఎత్తు మీద అయ్యవారి బల్ల. మూడువందల మంది మగపిల్లలకు ఆ ఒక్కడే. జోసెఫ్ లాంకాస్టర్ అనే ఇంగ్లీషు అయ్యవారి పద్ధతి ఇది: అయ్యవారు పెద్దపిల్లలకు చెప్తాడు, వాళ్ళు చిన్నపిల్లల్ని గుంపులుగా నిలబెట్టుకుని అదే పాఠం అప్పజెప్పిస్తారు. పలకా బలపం ఖర్చెందుకని, అఆలు దిద్దే వయసోళ్ళ చేత ఇసుకలో రాయించేవాళ్ళు.

ఆ ఇసుక మన మద్రాసు నుంచి పోయిందే. 1789లో ఎగ్మూరు అనాథ బడికి పెద్దగా వచ్చిన ఆండ్రూ బెల్, వీధిబడి పిల్లలు ఇసుకలో వేలితో రాయడం చూసినాడు. తన బడిలోనూ అట్లే నేర్పమంటే అయ్యవార్లు మొరాయించినారు. దాంతో ఫ్రిస్కిన్ అనే ఎనిమిదేళ్ళ పిల్లోడికి ఆ పని ఒప్పజెప్పినాడు, వాడు చేసి చూపించినాడు. 1797లో బెల్ ఈ సంగతంతా లండన్‌లో పుస్తకంగా అచ్చేయించినాడు. ఆ తర్వాత పద్ధతి నీదా నాదా అని బెల్ మనుషులకూ లాంకాస్టర్ మనుషులకూ ఏళ్ళ తరబడి తగాదా. మా తాత చదివిన వీధిబడిలోనూ ఇసుకే, చెప్పేది పెద్దపిల్లలే. దానికి ఎవరూ హక్కులడగలేదు.

ఏకోపాధ్యాయ బడిలో నేనూ ఇదే చేసినా. నాలుగో తరగతి పిల్ల ఒకటో తరగతికి గుణింతం నాకంటే బాగా చెప్పేది. ఎక్కాలకూ పర్వాలేదు. చదివింది బుర్రకెక్కిందా లేదా చూడాలంటే మాత్రం పెద్దమనిషే కూర్చోవాల. కానీ ఒక్క జీతంతో ఒక బడి గడిచిపోతుందంటే ఏ దొరకైనా, ఏ సర్కారుకైనా నోరూరుతుంది గదా.

మా మనవరాలు చదివేదీ ఆ ఊళ్ళోనే. క్లాసుకు ముప్పై మంది, టీచరు గాక సాయానికి ఇంకొకామె. పిల్లలు ఎక్కువైపోయినారని మా అమ్మాయి సణుగుతాంది.