ఎంతమంది మానేశారో చెప్పడానికి మూడు వారాలు పట్టింది

మా సార్ అడిగింది చిన్న ప్రశ్నే. "ఏడాదిలో మన దగ్గర ఎంతమంది మానేశారమ్మా? బయట పనివాళ్లకి గిరాకీ పెరిగిందంటున్నారు, నిజమేనా? జీతాల సంగతి తేల్చాలి." హైదరాబాద్‌లో మూడు బ్రాంచీలున్న రెస్టారెంట్ మాది. నేను హెచ్ఆర్ చూస్తాను. సాయంత్రానికల్లా చెప్పేస్తానన్నాను.

ఎక్సెల్ షీట్‌లో 'లెఫ్ట్' అని ఉన్నవి 112. ఏడాది మొదట్లో ఉన్న స్టాఫ్ 140. అంటే 80 శాతం. కాగితం చూసి సార్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి రోజూ కనిపించే మొహాలు చాలావరకు అవేగా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

మస్టర్ పుస్తకాలు, అంటే హాజరు పట్టీలు, దించాను. 112లో తొమ్మిది మంది ఒక బ్రాంచి నుంచి ఇంకో బ్రాంచికి మారినవాళ్లు. పదిహేడు మంది ఒడిశా, శ్రీకాకుళం కుర్రాళ్లు. పండక్కనో కోతలకనో ఊరెళ్లి, రెండు నెలలకి తిరిగొచ్చారు. వచ్చిన ప్రతిసారీ కొత్త ఐడీ ఇచ్చి, పాతదాని మీద 'లెఫ్ట్' అని కొట్టింది నేనే. అవి తీసేస్తే 86. కింద వేసిన 140 కూడా సరికాదు. ఏడాదంతా అంతమంది లేరు. నెలనెలా ఉన్నవాళ్ల సగటు 134. శాతం 64కి దిగింది.

నెలల దగ్గర ఇంకో తప్పు బయటపడింది. నేను రాసుకున్నది ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్, అంటే మానేసినవాళ్లకి రావాల్సిన డబ్బు లెక్క తేల్చిన తేదీ. మనిషి ఆగస్టులో పోతే షీట్‌లో అక్టోబరులో పోయినట్టు. మస్టర్ చూసి తేదీలన్నీ మళ్లీ వేస్తే ఎక్కువ 8, 9, 10 తారీఖుల్లోనే పడ్డాయి. మా జీతాలు ఏడున పడతాయి. ఇది కనిపెట్టడానికి హెచ్ఆర్ చదువు అక్కర్లేదులెండి, మా వాచ్‌మన్‌కి ఎప్పుడో తెలుసు.

అయినా సార్ రెండో ప్రశ్న మిగిలే ఉంది. అమెరికాలో దీన్ని ఎలా కొలుస్తారో చదివాను. అక్కడి కార్మిక గణాంకాల బ్యూరో 2000 డిసెంబరు నుంచి 'జోల్ట్స్' అనే నెలవారీ సర్వే చేస్తోంది. ఉద్యోగం వదిలినవాళ్లని అందులో మూడు భాగాలు చేస్తారు: తమంతట తాము మానేసినవాళ్లు, యజమాని తీసేసినవాళ్లు, రిటైర్మెంట్, బదిలీ లాంటి మిగతావి. ఎందుకు విడదీస్తారో 2020 ఏప్రిల్ అంకెలు చూస్తే అర్థమైంది. లాక్‌డౌన్‌లో లక్షల మందిని తీసేస్తున్నారు, అయినా ఆ నెల మొత్తం ఉద్యోగుల్లో తామే మానేసినవాళ్లు 1.6 శాతానికి పడిపోయారు. 2021 నవంబరుకి అదే 3 శాతం అయింది. ఆ ఒక్క నెలలో దాదాపు 45 లక్షల మంది మానేశారు. హోటళ్లు, రెస్టారెంట్లలో ఈ శాతం మొత్తం సగటు కంటే చాలా ఎక్కువ. బయట ఇంకో పని దొరుకుతుందన్న ధైర్యం ఉంటేనే మనిషి తనంతట తాను మానేస్తాడు. తీసేసినవాళ్లనీ వాళ్లనీ ఒకే సంచిలో వేస్తే మంచి రోజులో చెడ్డ రోజులో చెప్పలేం.

మనకి అలాంటి సర్వే లేదు. 2018 నుంచి ఉద్యోగుల పీఎఫ్ చూసే ఈపీఎఫ్ఓ సంస్థ నెలనెలా కొత్తగా చేరినవాళ్లు, బయటికి వెళ్లినవాళ్లు, తిరిగి చేరినవాళ్లు అని అంకెలు ఇస్తోంది కానీ, మనిషి మానేశాడా, తీసేశారా అన్నది వాటిలో తెలియదు. పైగా పీఎఫ్ మామూలుగా ఇరవై మంది, అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థలకే. మా సందులోని టిఫిన్ సెంటర్లు అందులోకి రానే రావు.

మా 86 మందిని నేనూ విడదీశాను. మేం తీసేసినవాళ్లు 14, తామే మానేసినవాళ్లు 72. ఆ 72లో 51 మంది మూడు నెలలు కూడా నిండకుండా పోయినవాళ్లు, ఎక్కువగా గిన్నెలు కడిగేవాళ్లు, కొత్త స్టీవార్డులు (వడ్డించేవాళ్లు). వీళ్లు ఏ నెలలో చూసినా ఒకేలా పోతున్నారు. బయట మార్కెట్‌తో దీనికి పెద్దగా సంబంధం లేదని నా అభిప్రాయం. మేమిచ్చే రూమ్‌లో ఆరుగురు ఉండాలి, రాత్రి షిఫ్ట్ ఒంటిగంటకి గానీ వదలదు. కారణం అది.

మిగిలిన 21 మంది పాతవాళ్లు, కెప్టెన్లు (స్టీవార్డుల మీద ఉండేవాళ్లు), వంటవాళ్లు. ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. పదిహేను మంది ఎత్తారు. పదకొండు మంది ఎక్కువ జీతానికే వెళ్లామన్నారు. అందులో ఎక్కువమంది పోయింది జూన్, జూలైల్లో, దగ్గర్లో కొత్త ఫుడ్ కోర్టు తెరిచినప్పుడు. సార్ అడిగిన గిరాకీ ఏదైనా ఉంటే ఈ పదకొండు మందిలోనే ఉంది, 80 శాతంలో కాదు.

సార్ కెప్టెన్ల జీతం పెంచారు. రూమ్ సంగతి 'చూద్దాం' అన్నారు. నేను షీట్‌లో 'ఎందుకు' అని ఒక కాలమ్ పెట్టి, మనిషి వెళ్లిన వారానికి ఫోన్ చేస్తున్నాను. వెళ్లే రోజు అడిగితే అందరూ "అమ్మకి బాలేదు మేడమ్" అంటారు.