ఏజీ బీఎస్సీ చంద్రమోహన్

బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివానని ఎవరితో అన్నా, వ్యవసాయంతో సంబంధం లేనివాళ్లయితే వెంటనే వచ్చే ప్రశ్న ఒకటుంది: "చంద్రమోహన్ చదివిన కాలేజీయేనా?" అవునంటే చాలు, మన మార్కులతో పని లేకుండా మర్యాద పెరుగుతుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఈ మర్యాదను నేను నిస్సంకోచంగా వాడుకున్నాను. రైతు సదస్సుల్లో ఎరువుల మోతాదు చెబుతుంటే దిక్కులు చూసేవాళ్లు కూడా ఆ పేరు ఎత్తగానే ఇటు తిరిగేవారు.

మన కాలేజీ రికార్డుల్లో చంద్రమోహన్ అనే పేరు వెతికితే దొరకదు. అసలు పేరు మల్లంపల్లి చంద్రశేఖరరావు. ఊరు కృష్ణా జిల్లా పమిడిముక్కల. ఇక్కడ ఏజీ బీఎస్సీ, అంటే వ్యవసాయ డిగ్రీ, పూర్తి చేసి ఏలూరులో ఉద్యోగంలో చేరారు. ఆ రోజుల్లో ఏజీ బీఎస్సీ అంటే ఇంట్లోవాళ్లు నిశ్చింతగా నిద్రపోయే చదువు. సర్కారు నౌకరీ, నెల జీతం, ఆపైన పెళ్లి సంబంధాలు. అవన్నీ చేతికందాక మద్రాసు రైలెక్కడానికి గుండె ధైర్యం కావాలి. మా బ్యాచ్‌లో నాటకాల పిచ్చి ఉన్నవాళ్లకు కొదవ లేదు. కాలేజ్ డే నాడు మీసాలు అంటించుకుని స్టేజి అదరగొట్టినవాళ్లమంతా పరీక్షలయ్యాక బుద్ధిగా మండలాఫీసుల్లో కుర్చీలు వెతుక్కున్నాం. చంద్రమోహన్ మాత్రం దొరికిన కుర్చీలో ఉండిపోలేదు.

మొదటి సినిమా 1966లో వచ్చిన రంగులరాట్నం. దర్శకుడు బి.ఎన్. రెడ్డి. మల్లీశ్వరి తీసిన మనిషి చేతి మీదుగా తెరకెక్కడం అదృష్టమే గానీ, ఆ అదృష్టం ఆయన్ని నేరుగా హీరోల వరసలో కూర్చోబెట్టలేదు. తర్వాత సుఖదుఃఖాలు, ఆపైన తమ్ముడి వేషాలు, స్నేహితుడి వేషాలు. ఎత్తు తక్కువని అనేవారు. ఇంకొక్క అంగుళం ఉంటే ఎక్కడికో వెళ్లేవాడన్న మాట సినిమావాళ్ల నోట ఎంతగా నలిగిందంటే, చివరికి అది పొగడ్తో ఎత్తిపొడుపో తెలియకుండా పోయింది. నాకైతే ఆ అంగుళం లేకపోవడమే మేలైందనిపిస్తుంది. ఉంటే గుర్రాలెక్కి కత్తులు తిప్పేవారేమో. సాంబయ్య మాత్రం దక్కేవాడు కాదు.

సాంబయ్య అంటే సిరిసిరిమువ్వలో (1976) డప్పు కొట్టే కుర్రాడు. మూగపిల్లగా జయప్రద. ఆమెకు మాట లేదు, ఇతనికేమో మనసులో మాట బయటపెట్టే చొరవ లేదు. సినిమాలో పాటలు, నాట్యం అందరికీ గుర్తే. నేను మాత్రం ఆ అమ్మాయి నాట్యం చేస్తున్నప్పుడు ఆమెను చూసే చంద్రమోహన్ ముఖాన్ని చూడమంటాను. ఆ ముఖంలో ప్రేమ ఉంది. తనకు అర్హత లేదన్న జంకూ ఉంది. రెండూ ఒకేసారి కనిపిస్తాయి, ఒకటి రెండోదాన్ని మింగేయదు. కె. విశ్వనాథ్ వరసకు అన్నయ్య కాబట్టి వేషాలొచ్చాయని అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. చుట్టరికం వేషం ఇప్పించగలదేమో గానీ ఆ చూపు ఎక్కడినుంచి తెచ్చిపెడుతుంది?

1978లో రెండు సినిమాలొచ్చాయి. సీతామాలక్ష్మిలో తాళ్లూరి రామేశ్వరి పక్కన కొండయ్య, పదహారేళ్ల వయసులో శ్రీదేవి పక్కన కుంటుతూ నడిచే అమాయకుడు. రెండోది తమిళంలో కమల్‌హాసన్ చేసిన పాత్ర. పోలిక పెట్టి చూసేవాళ్లు ఊరంతా ఉంటారని తెలిసీ ఒప్పుకోవడం మాటలు కాదు. కమల్‌ను అనుకరించకుండా మన పల్లెటూళ్లలో ఎవరు పిలిచినా పరిగెత్తి పనిచేసే వెర్రిబాగులవాణ్ని పట్టుకొచ్చారు.

ఈయన పక్కన వేసిన కొత్త హీరోయిన్లకు దశ తిరుగుతుందని అప్పట్లో ఒక నమ్మకం. జయప్రదను, శ్రీదేవిని ఉదాహరణలుగా చూపించేవారు. ఇండస్ట్రీకి నమ్మకాల పిచ్చి ఉందనుకోండి. కాకపోతే ఒకటి నిజం: పక్కనున్నవాళ్లను తొక్కి తాను కనపడాలన్న యావ ఆయన నటనలో లేదు. కొత్తవాళ్లకు అంతకంటే ఏం కావాలి?

హాస్టల్ టీవీ గదిలో శుక్రవారం చిత్రలహరి వస్తే, ఈయన పాట పడగానే మాలో ఎవడో ఒకడు "మన సీనియర్ రా!" అని కేకేసేవాడు. ఆ గదిలో కుర్చీల కంటే మనుషులెక్కువ. సీనియర్ అన్నది మరీ చనువు, మేం చేరేటప్పటికే ఆయన సినిమాల్లోకి వెళ్లి ఏళ్లు గడిచాయి.

నాకు బాగా ఇష్టమైంది రాధాకళ్యాణం (1981). బాపు తీశారు. అందులో చంద్రమోహన్ తెలుగు అరకొరగా వచ్చిన మలయాళీ సంగీతకారుడు. యాస పెట్టి నవ్వించడం తేలికే. కానీ ఆఖర్లో ప్రేమించిన పిల్లను వదులుకునే ఘట్టంలో అదే యాసతో మాట్లాడుతుంటే నవ్వు రాదు. యాస మారలేదు, చూస్తున్న మనమే మారిపోయాం. నవ్వించే మాటతోనే గొంతు పట్టుకునేలా చేయడం ఎంతమందికి చేతనవును?

జంధ్యాల రెండు రెళ్లు ఆరులో రాజేంద్రప్రసాద్‌తో కలిసి చేసిన అల్లరి గురించి రాయడం మొదలెడితే సంపాదకులు కోప్పడతారు.

హీరో వయసు దాటాక చాలామంది తడబడతారు. తండ్రి వేషమంటే మనసొప్పదు, ఒప్పుకున్నా జుట్టుకు రంగు వేసుకుంటారు. ఈయన ఏ టెన్షనూ లేకుండా నాన్న అయిపోయారు. నువ్వు నాకు నచ్చావ్ (2001) టీవీలో ఎన్నిసార్లు వేసినా మా ఇంట్లో ఛానెల్ మార్చరు. వెంకటేశ్ తండ్రి శేఖరంగా కనిపించేది కాసేపే. ఆ కాసేపట్లోనే కొడుకు మీద బెంగ, స్నేహితుడి మీద గౌరవం రెండూ తెలిసిపోతాయి.

ఇక 7/జి బృందావన కాలనీ (2004). కొడుకును చూస్తే చాలు తిట్టే తండ్రి. వాడికి ఉద్యోగం వచ్చినా ఎదురుగా ఒక్క మంచిమాట అనడు. రాత్రి వాడు నిద్రపోయాడనుకుని భార్య దగ్గర మురిసిపోతాడు. కొడుకు ఆ మాటలు వింటాడు. చంద్రమోహన్ అక్కడ గొంతు పెంచరు. సంతోషం బయటపడితే వాడు చెడిపోతాడన్న భయం, దాచుకోలేని ఆనందం, రెండూ కలిసి గొంతు కాస్త వణుకుతుంది. మా నాన్న ఎప్పుడూ నన్ను మెచ్చుకోలేదు. ఆ సినిమా చూసొచ్చాక ఆయన మీద నా కోపం సగం పోయింది.

900కు పైగా సినిమాలు చేసి, 2023 నవంబరు 11న హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆ రోజు మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో వరి ధరల గొడవ ఆగి, ఏ వేషం గొప్పదన్న గొడవ మొదలైంది. ఒకడు సాంబయ్య అన్నాడు, ఇంకొకడు శంకరాభరణం అన్నాడు. ఓడిపోతున్నానని తెలిశాక నేను బీపీటీ 5204 వరి రకాన్ని, అదే సాంబమసూరిని, దించాను. బాపట్ల నుంచి తెలుగువాళ్ల ఇళ్లన్నింటికీ చేరినవి రెండేరా, ఒకటి 1986లో వచ్చిన సాంబమసూరి, రెండోది చంద్రమోహన్, రెండూ సన్నరకాలే, ఇందులో ఏ ముద్ద గొప్పదని కొట్టుకుంటారు అని రాశాను. బ్రీడింగ్ చదివినవాడొకడు సాంబమసూరికి తెగుళ్లెక్కువ, పోలిక కుదరలేదని జవాబిచ్చాడు. వాడు కాలేజీలోనూ అంతే.

నేను రాసిందంతా తెర మీది మనిషి గురించి. ఆయన తరగతిలో చదివిన పెద్దలు ఎవరైనా ఈ సంచిక చదువుతుంటే, పొలం ప్రాక్టికల్స్‌లో పక్కన నిలబడ్డ చంద్రశేఖరరావు గురించి వచ్చే సంచికకు మీరే రాయాలి. పేజీలెన్నయినా ఫరవాలేదు, సంపాదకులతో నేను మాట్లాడతాను.