కాశీబుగ్గ షెడ్డులో మావాడి వేసవి

పిల్లల్ని తీసుకుని ఊరొచ్చే ముందు అందరం ఒక ప్లాను వేసుకుంటాం. అరసవల్లి, శ్రీకూర్మం, ఎవరిదో ఒక పెళ్ళి, ఉద్దానంలో తాతగారి తోట, మధ్యమధ్యలో చుట్టాలిళ్ళు. ఈ జూన్‌లో మా పెద్దవాడు వీటిలో సగం ఎగ్గొట్టి, కాశీబుగ్గలో హైవేకి ఆనుకుని ఉన్న ఒక మెకానిక్ షెడ్డులో, మా తమ్ముడి పాత పికప్పు కింద గడిపాడు. వాడికి పదహారేళ్ళు. తెలుగు ఆదివారం బడిలో నేర్చుకున్నాడు. వేమన పద్యాలు గడగడా చెప్తాడు గానీ, "ఆ పద్నాలుగో నంబరు పానా అందుకో" అంటే తెల్లమొహం వేసేవాడు.

మేముండే ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో పికప్ అంటే ఇంటి బండి. ఫోర్డ్ ఎఫ్-సిరీస్ ట్రక్కులు 1977 నుంచీ అమెరికాలో మిగతా ట్రక్కులన్నిటికంటే ఎక్కువ అమ్ముడవుతున్నాయి. డాక్టర్లూ కొంటారు, వడ్రంగులూ కొంటారు. మా పక్కింటి పెద్దాయన రిటైరైన లెక్చరరు. శనివారం వస్తే తన పాత ట్రక్కు బోనెట్ ఎత్తుతాడు, దారినపోయేవాళ్ళు ఆగి రెండు మాటలు మాట్లాడి పోతారు. మావాడికి ఈ పిచ్చి అక్కడే పట్టుకుంది. మా పలాస వైపు పికప్ అంటే లోడు బండి. జీడిపిక్కల బస్తాలు, కొబ్బరికాయలు, పనసకాయలు, షామియానా సామాన్లు, అవసరమైతే పెళ్ళివాళ్ళు కూడా.

తమ్ముడు ఆ బండి కొన్నది తిత్లీ తర్వాత. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కొత్త కొబ్బరి మొక్క కాపుకొచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చుంటే ఇల్లు గడవదు కదా, సెకండ్ హ్యాండ్‌లో ఒక డీజిల్ పికప్పు తీసుకుని, పిక్కలు కొని జీడి ఫ్యాక్టరీలకు వేయడం మొదలుపెట్టాడు. పాత ఓనరు దాన్ని ఎత్తు చేయించాడు. వెనక అదనపు కమాను పట్టీలు, పెద్ద టైర్లు, ముందు ఇనుప బంపరు. చూడ్డానికి దర్జాగానే ఉంటుంది గానీ నిలబెట్టిన చోటల్లా కింద నల్లటి మచ్చ పడుతుంది. వాకిట్లో ముగ్గు పక్కన ఆ మచ్చ చూసి మా అమ్మ రోజూ పొద్దున్నే తమ్ముడికి చీవాట్లు పెట్టేది.

మావాడు కిందికి దూరి, ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య తడి చూసి, క్రాంకు వెనక నూనెని ఆపే సీలు పోయిందని తీర్పు ఇచ్చేశాడు. వీడియోల్లో అలాగే చెప్తారు మరి. మెకానిక్‌కి అరవై దాటాయి. "బాబూ, నూనె పైనుంచి కిందికి కారతాది. బండి నడిస్తే గాలికి ఎనక్కి పోతాది. తడి కనబడ్డ చోటు కాదు, మొదలైన చోటు ఎతకాల" అని, చేతికి బ్రష్షూ డీజిల్ డబ్బా ఇచ్చి ఇంజనంతా కడగమన్నాడు. ఏళ్ళ తరబడి దుమ్మూ నూనే కలిసి వేలెడు మందాన పేరుకుపోయింది. అది గీకడానికే ఒక పూట పట్టింది. తర్వాత సబ్బునీళ్ళు, ఆ తర్వాత ఆరబెట్టడం. అది ఆరాక మా అమ్మ పౌడరు డబ్బా షెడ్డుకి వెళ్ళిపోయింది.

ఇంజన్ పక్కలా, కింద చాంబరు అంచులకూ, ఇంజన్‌నీ గేర్‌బాక్సునీ కలిపే బెల్ హౌసింగ్ మీదా తెల్లగా పౌడరు చల్లి, బండిని టెక్కలి వైపు కొంత దూరం తిప్పి తెచ్చారు. అమెరికాలో అయితే నూనెలో రంగు కలిపి ప్రత్యేకమైన లైటు వేసి వెతుకుతారట. ఇక్కడ పౌడరే ఆ పని చేసింది. ఇంజన్ పైన మూతలా ఉండే టాపెట్ కవరు వెనక మూల నుంచి సన్నటి తడిగీత ఒకటి దిగి, ఇంజన్ వెనక గోడ మీదుగా జారి, సరిగ్గా బెల్ హౌసింగ్ మీదికి చేరింది. కవరు ఊడదీస్తే కార్కు ప్యాకింగు పెంకులా గట్టిపడి ముక్కలైంది. కారకుండా ఉండాలని ఎవరెవరో బోల్టులు బిగించి బిగించి పెట్టారు. బోల్టుల దగ్గర రేకు లోపలికి సొట్టపడి, మధ్యలో పైకి లేచింది. దాన్ని చెక్క మీద పెట్టి, సుత్తితో మెల్లగా కొట్టి సమం చేసే పని మావాడిదే. ఆ రాత్రి చేతులు బొబ్బలెక్కి, అన్నం చెంచాతో తిన్నాడు.

కొత్త ప్యాకింగు వేసే ముందు ముసలాయన ఇంకొకటి చూపించాడు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. ఇంజన్ నడుస్తుండగా నూనె పోసే మూతని వదులు చేసి ఉంచితే టకటకా ఎగిరింది. పిస్టన్ల పక్కనుంచి కొంత గ్యాసు ఎప్పుడూ కిందికి దిగుతూనే ఉంటుంది, అది బయటికి పోవడానికే బ్రీదర్ పైపు. పాత ఓనరు పెద్ద బ్యాటరీ పెట్టించినప్పుడు ఆ పైపు ట్రే కింద నలిగిపోయింది. దారి మూసుకుపోతే లోపలి ఒత్తిడి ఏ సీలు బలహీనంగా ఉంటే అక్కడినుంచి నూనెని తోసేస్తుంది. అప్పుడు ఎన్ని ప్యాకింగులు మార్చినా డబ్బు దండగే. పైపు మార్చాక మూత దాదాపు కుదురుగా కూర్చుంది. అంటే పిస్టన్ల చుట్టూ ఉండే రింగులు ఇంకా బాగానే ఉన్నాయని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

మొదటి రోజే మా పెద్దమ్మ అననే అంది. "ఓలమ్మా, అమెరికా నుంచొచ్చిన గుంటడికి ఇదేటి ఖర్మ? మసి పూసుకొని షెడ్డులో కూకుంటాడేటి?" మా వారు వీడియో కాల్‌లో అదే మాట కాస్త నాగరికంగా అన్నారు. ఆయన మెకానికల్ ఇంజినీరింగ్ డిస్టింక్షన్‌లో పాసయ్యారు. మా ఇంట్లో కుళాయి వాషరు మార్చడానికి మనిషిని పిలుస్తాం.

షెడ్డులో సాయంగా ఒక కుర్రాడున్నాడు. ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడు చదువుతూ సెలవుల్లో పనికొస్తాడు. మావాడికంటే ఏడాది పెద్ద. ఇద్దరికీ ఇట్టే కుదిరింది. ఒక మధ్యాహ్నం మావాడు ఆ కుర్రాణ్ణి భోజనానికి వెంటబెట్టుకొచ్చాడు. మా అమ్మ కడుపునిండా పెట్టింది, అందులో లోటు చెయ్యదు. కానీ మావాడికి లోపల టేబుల్ మీద పళ్ళెం, ఆ అబ్బాయికి వెనక వరండాలో. ఎవరూ ఏమీ అనలేదు. అడగకుండానే వాడు చెప్పులు విడిచి వరండా వైపు నడిచాడు. మావాడు నా వైపు చూసి, తన పళ్ళెం తీసుకుని వెళ్ళి వాడి పక్కన కూర్చున్నాడు.

రాత్రి అడిగాడు. "అమ్మా, వాడికి నాకంటే ఎక్కువ పని వచ్చు. మరి నేనెందుకు లోపల?"

వాడికి మొహమాటమనో, అమ్మమ్మకి అలవాటనో చెప్పి తప్పించుకోవచ్చు. ఉన్నదున్నట్టు చెప్పాను. కులం, పని, ఎవరి చేతికి మసి అంటొచ్చు, ఎవరి చేతికి అంటకూడదు అన్న లెక్క. పెద్దల్ని గౌరవించడం మన సంస్కృతి అని ఆదివారం బడిలో చెప్పించాం. ఆ గౌరవం ఏ గడప దగ్గర ఆగిపోతుందో సిలబస్‌లో లేదు. భాష పోతోంది, వంట పోతోంది అని మన ప్రవాసులం తెగ టెన్షన్ పడతాం. ఊరు చూపించడమంటే నా మటుకు నాకు ఇదీ చూపించడమే. అలాగని అమెరికాని నెత్తిన పెట్టుకోనివ్వలేదు. పక్కింటాయన సరదాకి ట్రక్కు విప్పుతాడు కాబట్టి అందరూ ఆగి పలకరిస్తారు, మన కారుకి ఏళ్ళ తరబడి ఆయిల్ మారుస్తున్న మనిషి పేరు నీకు తెలుసా అన్నాను. తెలియదు.

మర్నాటి నుంచి మా అమ్మ ఇద్దరికీ వరండాలోనే వడ్డించింది. దాన్ని మార్పు అనాలో, రాజీ అనాలో మరి.

వెనక ఇరుసు దగ్గర కారుతున్నది వేరే నూనె. వేలికి రాసుకుంటే గంధకం కంపు, అంటే గేర్ ఆయిల్. ఇరుసు హౌసింగ్ మీద ఉండే చిన్న బ్రీదర్ బురదతో పూడుకుపోయింది. నూనె వేడెక్కినప్పుడు పెరిగిన ఒత్తిడికి ఇరుసు ముందువైపు ఉండే పినియన్ సీలులోంచి బయటికొస్తోంది. బ్రీదర్‌ని తీగతో పొడిచి శుభ్రం చేసి, సీలు మార్చారు. మావాడు అక్కడితో ఊరుకోలేదు. బండిని ఎత్తు చేసినప్పుడు గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకి వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారిందనీ, ఆ అదురుకే దాని కీలు దగ్గరి క్రాసూ సీలూ అరిగిపోతున్నాయనీ, అదనపు పట్టీలు తీసేయమనీ మావయ్యతో వాదన. "తీసేస్తే వానాకాలం తోటలోకి బండెలా ఎల్తాదిరా అల్లుడూ?" అని మా తమ్ముడు. ఆర్సీలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52లో ఉందని నేను కల్పించుకుంటే, మామా అల్లుళ్ళు ఏకమై నన్ను టీ పెట్టమన్నారు. చివరికి ఇరుసుకీ కమానుకీ మధ్య ఏటవాలు దిమ్మలు పెట్టి కోణం సరిచేశారు. ఎత్తు మాత్రం అలాగే ఉంది.

ఇంత చేశాక కూడా బెల్ హౌసింగ్ అడుగున ఒక చుక్క నిలిచింది. వెనక సీలు కూడా కొద్దిగా చెమరుస్తోంది. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి, క్లచ్చు విప్పాలి. మెకానిక్ ఇప్పుడు వద్దన్నాడు. నూనె తగ్గకుండా చూసుకుంటే చాలు, క్లచ్చు ప్లేటు ఎలాగూ అరిగిపోతోంది, అది మార్చేనాడు సీలూ వేద్దాం, ఒకే కూలీ అవుతుంది అని. కారుతోందని తెలిసీ వదిలేయడం మావాడికి ఒక పట్టాన మింగుడుపడలేదు.

తిరిగొచ్చాక ఆదివారం ఫోన్లు "బాగున్నావా, తిన్నావా" దగ్గర ఆగడం లేదు. తమ్ముడు ఆయిల్ గేజి ఫొటో పెడతాడు. ఐటీఐ కుర్రాడు వాయిస్ మెసేజ్‌లు పెడతాడు. మా వారిది గుంటూరు, మా శ్రీకాకుళం యాస అందక ఏమన్నాడని కొడుకునే అడుగుతారు. క్లచ్చు సంక్రాంతికి విప్పుదామని మామా అల్లుళ్ళు నిశ్చయించేసుకున్నారు. అప్పుడు ఇక్కడ స్కూళ్ళకి సెలవులుండవని నేనంటాను. ఒక్క వారం మానేస్తే ఏమైపోతుందని వాడంటాడు. టికెట్లు ఇంకా కొనలేదు.