ఒత్తిడి తగ్గించుకోండి అంటే సరిపోతుందా?

మధ్యాహ్నం నుంచీ ఒకటే మాట బుర్రలో తిరుగుతోంది. రాసేస్తే తప్ప వదిలేలా లేదు. ఎలాగూ నిద్ర పట్టడం లేదు.

ఆఫీసులో ఇవాళ ఆడవాళ్ళ ఆరోగ్యం మీద క్లాసు పెట్టారు. వచ్చినావిడ పెరిమెనోపాజ్, అంటే నెలసరి పూర్తిగా ఆగిపోయేముందు వచ్చే కొన్నేళ్ళ గురించి అని మొదలుపెట్టగానే ప్రాణం లేచొచ్చింది. నలుగురిలో, మైకులో ఆ మాట వినడం నాకు ఇదే మొదలు. కాసేపటికే ఆ సంతోషం పోయింది. "ఇదంతా ఇప్పటి లైఫ్‌స్టైల్ వల్లేనండీ. మన అమ్మలకి ఇవన్నీ ఉన్నాయా? వేళకి పడుకోండి, ఫోన్ పక్కన పెట్టండి, ఒత్తిడి తగ్గించుకోండి" అంది. అందరూ తలలూపారు. నాకు మాత్రం కోపం తన్నుకొచ్చింది.

ఏది తగ్గించుకోమంటారు? మా ఇంటి సంగతి మీకు తెలిసిందే. చిన్నదానికి పరీక్షలు, అత్తయ్యకి మోకాళ్ళు, ఆయన నెలలో సగం రోజులు క్యాంపులు. ఇందులో నేను కావాలని నెత్తిన పెట్టుకున్నది ఏముంది? ఒంట్లోంచి ఉన్నట్టుండి వేడి ఆవిర్లు వస్తే నా అలవాట్లే కారణం, నిద్ర పట్టకపోతే నా క్రమశిక్షణే లోపం అన్నట్టు మాట్లాడితే, అసలే నలిగి ఉన్న మనిషి మీద ఇంకో నేరం మోపినట్టు కాదా?

ఇది ఫోన్లు తెచ్చిన జబ్బు కాదు. అసలు జబ్బే కాదు. నలభై దాటాక అండం విడుదలవడం నెలనెలా సక్రమంగా జరగదు. అలా జరగని నెలలో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ సరిగ్గా తయారవదు. ఇంకో హార్మోన్ ఈస్ట్రోజెనేమో మెల్లగా తగ్గుతూ పోకుండా ఒక నెల ఎగసిపడుతుంది, ఒక నెల పడిపోతుంది. మెదడులో ఒంటి వేడిని చూసుకునే హైపోథాలమస్ ఆ ఊపుకి గాబరా పడిపోయి, కాస్త వేడి పెరిగినా చెమటలు పట్టించేస్తుంది. నెలసరి ఆగిపోవడానికి మెనోపాజ్ అనే పేరు కూడా 1821లో ఒక ఫ్రెంచి వైద్యుడి పుస్తకంలోనే ఉంది. అప్పుడు ఏ లైఫ్‌స్టైల్ ఉందని?

పైగా "అమ్మలకి ఉన్నాయా" అట!

నేను కాలేజీలో ఉన్న రోజుల్లో అమ్మ రాత్రిళ్ళు లేచి వంటింట్లో వట్టి నేల మీద పడుకునేది. ఎందుకమ్మా అంటే చల్లగా ఉందే అనేది. తెల్లారకముందే దుప్పట్లు ఉతికి ఆరేసేది. ఎందుకో నాకు అప్పట్లో తెలీదు. నెలసరిలో అంతంత రక్తం పోతుంటే ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయి, రెండు మెట్లెక్కితే ఆయాసపడేది. ఒకసారి నేను గేటు వెయ్యడం మర్చిపోయానని చేతిలో ఉన్న గిన్నె నేలకేసి కొట్టింది. కొట్టి, అక్కడే కూలబడి ఏడ్చింది. నాన్న "మీ అమ్మకి ఈమధ్య కోపం ఎక్కువైంది" అని చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయారు. అన్నయ్యా నేనూ కూడా అదే అనుకున్నాం. ఒక్కరం కూడా డాక్టరు దగ్గరికి వెళ్దాం రామ్మా అనలేదు. అన్నీ ఉన్నాయి అమ్మకి. అడిగినవాళ్ళు లేరు, అంతే.

ఇంతవరకూ రాశాక ఇంకో సంగతి తడుతోంది. అమ్మ రోజూ మధ్యాహ్నం కాసేపు తలుపు దగ్గరగా వేసుకుని పడుకునేది. ఆ సమయంలో ఎవరం కదిలించేవాళ్ళం కాదు. రాత్రి పోయిన నిద్ర కొంతైనా అక్కడ దక్కేది. నాకు అది లేదు. ఆవిరి తన్నుకొచ్చే సమయానికి నేను కెమెరా ముందు కూర్చుని ఉంటాను. మెడ మీద చెమట కారుతుంటే, నాలుక చివర ఉన్న మాట రాక ఆగిపోతే, అవతల అంతమంది చూస్తుంటారు. ఆ టెన్షన్‌కి ఇంకో ఆవిరి. ఆ తర్వాత రాత్రి తొమ్మిదిన్నరకి కాల్. అది ముగిశాక కళ్ళలో ఇంకా ఆ వెలుగే ఉంటుంది. రాత్రివేళ అంత వెలుతురు చూస్తే నిద్ర తెప్పించే మెలటోనిన్ తగ్గుతుంది, తెలిసిన సంగతే.

కాబట్టి ఆవిడ చెప్పినదాంట్లో నిజం లేదని కూడా అనలేను. అమెరికాలో 1990లలో మొదలైన స్వాన్ అనే అధ్యయనంలో ఆడవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించారు. ఆవిర్లు తరచుగా వచ్చేవాళ్ళలో సగం మందికి అవి 7.4 ఏళ్ళకి పైనే ఉన్నాయని 2015లో ప్రకటించారు. ఒత్తిడి ఎక్కువగా ఉందని చెప్పినవాళ్ళకి ఇంకా ఎక్కువ కాలం సాగాయట. సిగరెట్ తాగేవాళ్ళకి మెనోపాజ్ ఒకటి రెండేళ్ళు ముందే వస్తుందన్నదీ నిజమే. బతికే తీరు ఒంటికి తగులుతుంది. ఒప్పుకుంటాను. కానీ ఆ తొమ్మిదిన్నర కాల్ పెట్టింది నేను కాదు. క్లాసు పెట్టించిన ఆఫీసే పెట్టింది. ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ఇంకా బాధ కలిగించింది ఏమిటంటే, అంతసేపట్లో వైద్యం అన్న ఊసే లేదు. హార్మోన్ మాత్రల గురించి అడుగుదామని చెయ్యెత్తిన అమ్మాయికి "అవి ప్రమాదమండీ" అని ఒక్క ముక్కలో జవాబు. 2002లో అమెరికాలో ఆ మాత్రల మీద చేస్తున్న ఒక పెద్ద పరిశోధనని మధ్యలో ఆపేసినప్పటి నుంచీ ఉన్న భయం అది. అందులో ఉన్నవాళ్ళ సగటు వయసు 63. అరవై లోపు వాళ్ళకి, వేరే ఆటంకాలు లేకపోతే, నష్టం కంటే మేలే ఎక్కువని ఇప్పుడు నిపుణులు చెబుతున్నారు. వాడాలా వద్దా అన్నది ఎవరికి వారు డాక్టరుతో తేల్చుకోవాలి. కానీ అలాంటి దారి ఒకటుందని చెప్పకపోవడం ఏం న్యాయం?

రెండు నెలలుగా నాకూ నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోంది. నీరసం వయసుదే అనుకుని ఊరుకోదలుచుకోలేదు. ఐరన్, థైరాయిడ్ పరీక్షలు రాయమని నేనే అడుగుతాను. రాత్రి కాల్స్‌కి ఇక రాలేనని మా మేనేజరుకి ఇందాకే మెయిల్ పెట్టాను. కారణం పెరిమెనోపాజ్ అనే రాశాను. ఆయన ఏమంటారో చూడాలి.