కుట్టుమిషను దగ్గర పెద్దమ్మగారు

కమిటీ వాళ్ళు ఫోను చేసి మన బడి పాత విద్యార్థినుల సంచికకి రెండు పేజీలు రాయాల్సిందే అన్నారు. మామిడిచెట్టు సంగతి, స్టడీలో లాంతరు పేలిన రాత్రి, డ్రిల్లు మేష్టారి విజిలు ఎవరు దాచారన్నది నాగాయలంక కవలలు ఎలాగూ రాస్తారు. అవి వాళ్ళ సొత్తు. నేను మాత్రం మన బందరు బోర్డింగుని చూసుకున్న పెద్దమ్మగారి గురించే రాస్తాను. అదీ 1977 ఉప్పెన నాటి నుంచి ఆ ఏడాది క్రిస్మసు దాకా జరిగింది మాత్రమే. మన బోర్డింగులో నేను నేర్చుకున్న చదువు చాలావరకు ఆ కాస్త కాలంలోనే ఉంది.

నవంబరు 19, శనివారం. మనం తొమ్మిదో తరగతి. భోజనాల హాలు పెంకులు లేచిపోతుంటే అందరినీ మన చర్చి గుడిలోకి తోలారు గుర్తుందా? పెద్దమ్మగారు పడమటి తలుపుకి వీపు ఆనించి నిలబడి తెల్లారేదాకా మన చేత కీర్తనలు పాడించారు. గాలి హోరులో పక్కదాని గొంతు కూడా వినపడలేదు. అయినా పాడాం. తెల్లారి చూస్తే ఆవరణలో ఒక్క చెట్టు నిటారుగా లేదు. బందరుకి ఉప్పెన కొత్త కాదు, 1864లో దాదాపు 30 వేల మందిని మింగేసిన ఊరే. కానీ ఈసారి దెబ్బ దివిసీమ మీద పడింది. రెండు రోజులకి కబుర్లు రావడం మొదలైంది. సొర్లగొంది, నాలి, హంసలదీవి అని ఒక్కో ఊరి పేరు వినపడుతుంటే దివి పిల్లలు ఒక్కొక్కరే స్టడీలోంచి లేచి వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడేవాళ్ళు. సర్కారు లెక్కే 10 వేలకి దగ్గర. అక్కడివాళ్ళు ఆ లెక్కని ఈనాటికీ ఒప్పుకోరు.

పెద్దమ్మగారి ఒక్కగానొక్క కూతుర్ని ఆ సముద్రం పక్కనే ఇచ్చారు. అల్లుడు, ఏడాది నిండని మనవడు. ఆమె సహాయం పంచే లారీ ఎక్కి పులిగడ్డ దాటి వెళ్ళారు. ఆ రోజుల్లో ఏం చూశారో మనకి ఎప్పుడూ చెప్పలేదు. తిరిగొచ్చినప్పుడు ఆమె చీర మోకాళ్ళ దాకా ఉప్పుబురద కట్టి అట్టలా ఉంది, చేతులు పట్టుకుని ముగ్గురు ఆడపిల్లలు ఉన్నారు. ఆమె మనుషులు మాత్రం ఎవరూ దొరకలేదు. మర్నాడు క్రిస్మసుకి ముందొచ్చే ఆగమన కాలపు మొదటి ఆదివారం. గుడిలో ఎప్పటిలాగే ముందు బల్ల మీద కూర్చున్నారు.

ఏటా క్రిస్మసుకి మనందరికీ ఒకే తాను గుడ్డతో గౌన్లు కుట్టించేవారు కదా. ఆ ఏడు తాను మొత్తం దివికి పంపేద్దామా అని ఆవిడ అడిగారు, మనం సరే అన్నాం. (లెక్కల పుస్తకం అట్టకి కూడా ఆ గుడ్డే వేసుకున్న మన పొడుగుది ఒక్కతే ముఖం మాడ్చుకుంది. తర్వాత అదే అందరికంటే ఎక్కువ మూటలు కట్టింది.) వచ్చిన ముగ్గురికీ మాత్రం ఒంటి మీద గుడ్డ తప్ప ఏమీ లేదు. ఒక రాత్రి పెద్దమ్మగారు నన్ను గదికి పిలిచి, మంచం కింది ట్రంకుపెట్టె బయటికి లాగమన్నారు. లోపల కూతురి పెళ్ళికాని రోజుల ఓణీలు. వేపాకు వేసి మడతపెట్టి ఉన్నాయి. లేత ఆకుపచ్చది, అంచున జరీ సన్నగా ఉన్నది తీసి, రెండు కొసలూ నన్ను పట్టుకోమన్నారు. కత్తెర మధ్యలో ఒకసారి ఆగింది. ఆవిడ గుడ్డని ముఖానికి ఆనించుకుని వాసన చూసి, మళ్ళీ కోశారు. తర్వాత మిషను ముందు కూర్చుని తొక్కుతూ కీర్తన అందుకున్నారు. సన్నగా గొణగడం కాదు, ఆదివారం పాడినట్టే గొంతెత్తి పాడారు.

నాకు భయమేసింది. మతి చలించిందేమో అనుకున్నాను. ‘అమ్మగారూ, మీకు ఏడుపు రాదా?’ అని అడిగేశాను.

‘రాకేమే? పొద్దున నూతి దగ్గర ఏడ్చే వచ్చాను. రేపూ ఏడుస్తాను. నేను ఏడ్చానని ప్రభువు నన్ను వదిలేశాడా ఏంటి? ఆయన ఉన్నాడు గనక పాడుతున్నా. ఆ దారం అందుకో.’

అంతే. దారం అందించాను. ఆ రాత్రి రెండు లంగాలు పూర్తయ్యాయి.

స్క్రిప్చరు పీరియడ్లో ఆవిడ చెప్పింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బైబిల్లో ఫిలిప్పీ అనే ఊళ్ళో ప్రభువు మాట చెప్పే పౌలు, సీలలను బెత్తాలతో కొట్టించి, కాళ్ళకి బొండకొయ్య వేసి, లోపలి చెరలో పడేశారు. అర్ధరాత్రి వాళ్ళు పాడుతుంటే మిగతా ఖైదీలు విన్నారు. ఎన్నో ఏళ్ళ తర్వాత మరో చెరలో ఉండి ఆ పౌలే ఆ ఊరి సంఘానికే ‘ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి’ అని రాశాడు. ‘కుర్చీలో కూర్చుని రాసిన మాట కాదే ఇది, వాళ్ళ ఊళ్ళో తన్నులు తిన్నవాడు రాసిన మాట. ఆ పాట విన్నవాళ్ళు ఆ ఊళ్ళో ఇంకా బతికే ఉంటారు’ అనేవారు. అంతకుముందూ ఆ పాఠం విన్నాను. ఉప్పెన తర్వాత ఆవిడ నోట విన్నప్పుడు అది నా ఒంట్లోకి ఇంకింది.

ఇంకొకటి రాయకుండా ఉండలేను. డిసెంబరులో ఒక ప్రసంగీకుడు బయటి ఊరి నుంచి వచ్చి, ఉప్పెన పాపాలకి వచ్చిన తీర్పు అన్నారు. పెద్దమ్మగారు లేచి నిలబడ్డారు. గుడిలో ఆడవాళ్ళు మధ్యలో లేవడం మనమెవరం చూడలేదు. ‘అయ్యగారూ, లూకా పదమూడో అధ్యాయం చదవండి. సిలోయము గోపురం పడి చచ్చినవాళ్ళు మిగతావాళ్ళకంటే పాపులా అని ప్రభువు అడిగాడు, కాదని ఆయనే చెప్పాడు. ఎందుకొచ్చిందో నాకు తెలియదు. తెలుసని మీరూ అనకండి’ అని కూర్చున్నారు. దివి పిల్లలు ఆవిడ కొంగు పట్టుకున్నారు. ఆరోజు నుంచి ఎవరు కష్టంలో ఉన్నా కారణం చెప్పబోయేవాళ్ళంటే నాకు పడదు.

ఆ క్రిస్మసు ఆదివారమే వచ్చింది. వెదురు పుల్లల నక్షత్రానికి గాలిపటం కాగితం అంటించాం. బూరెలు లేవు, పులిహోర ఉంది. లేత ఆకుపచ్చ లంగా కట్టుకున్న చిన్నది దూత వేషం వేసింది. పెద్దమ్మగారు దాన్ని చూసి నవ్వారు, ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకున్నారు.

తర్వాత నా సంగతి కొంచెమే. నర్సింగు చదివాను, సర్కారు ఆసుపత్రిలో చేరాను. పెళ్ళయిన కొన్నేళ్ళకే మా ఆయన మేడ మీద నుంచి పడి నడుము కింద చచ్చుబడింది. పిల్లలు చిన్నవాళ్ళు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి, ఆయనకి ఒళ్ళు తుడిచి, పుండ్లు పడకుండా పక్కకి తిప్పి, పొయ్యి వెలిగించేదాన్ని. గంజి వార్చే వేళకి నాకు తెలియకుండానే నోటికి కీర్తన వచ్చేది. మొదట్లో ఆయనకి కోపం వచ్చేది. తర్వాత తర్వాత ఆయనే చరణం అందించేవారు. మంచాన పడ్డ మనిషీ, నేనూ ఎన్నో రాత్రులు నవ్వుకున్నాం. బయటివాళ్ళు మమ్మల్ని చూసి జాలిపడేవారు. మా ఇంట్లో ఏముందో వాళ్ళకి తెలియదు. 2021 వేసవిలో కోవిడ్ వార్డు హెడ్ నర్సుని నేనే. బంధువుల్ని లోపలికి రానివ్వని రోజులు. ఊపిరి అందని వాళ్ళ చెయ్యి పట్టుకుని, ఆ కిట్టు లోపల చెమటలో నానిపోతూ, కావాలన్నవాళ్ళకి పాడాను. నా గొంతు పెద్దమ్మగారి గొంతులాగే ఉందని నాకే అనిపించింది. పెద్దది ఇప్పుడు పిల్లల డాక్టరు, చిన్నవాడు కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. ఇద్దరికీ ఆ కీర్తనలన్నీ చూడకుండా వచ్చు.

బడి ఆవరణలో పెద్దమ్మగారి పేరున రాయి పెడుతున్నారని విని సంతోషించాను, నా వంతు పంపించాను. దాని మీద బైబిల్లోని హబక్కూకు 3:18 ఒక్కటే, ‘నేను యెహోవాయందు ఆనందించెదను’ అన్నదే చెక్కిస్తారని తెలిసింది. దయచేసి దాని ముందున్న 17వ వచనం కూడా చెక్కించండి. అంజూరపు చెట్లు పూయకపోవడం, చేనిలో పంట లేకపోవడం, సాలలో పశువులు లేకపోవడం, అన్నీ ఉండాలి. ఆవిడ ఎప్పుడు చదివినా ఆ రెండూ కలిపే చదివేవారు. స్థలం చాలకపోతే రాయి పెద్దది తీసుకోండి, అదనంగా అయ్యేది నేను ఇస్తాను.